నాగలి ఎత్తే చోటు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా ఆవిడ బిందుమాధవిని అడిగితే, ముక్కు మీద ఉండేది కొంచెమే, మిగతాది ఒళ్లంతా ఉంటుంది అంటుంది. అందుకని ఈ కథలో నేను ఎవరి మీదైనా విసుక్కుంటున్నట్టు అనిపిస్తే పట్టించుకోకండి. అందులో ముప్పాతిక నా మీద నాకున్న విసుగే.

మా పొలం పర్చూరుకి ఆరేడు కిలోమీటర్ల దూరం. మంచి నల్లరేగడి. తూర్పున నాలుగెకరాలు మాది, పడమర నాలుగెకరాలు జానీబీ అత్త వాళ్లది. రెండింటి మధ్యా నేల పల్లంగా ఉంటుంది. ఉత్తరాన మెరకలో ఎంత వాన పడితే అంత నీరూ మా రెండు పొలాల మధ్య నుంచే దిగి, దక్షిణాన వాగులో కలవాలి. దానికి వేరే దారి లేదు. ఆ దారిలోనే మా గరిక కాలువ ఉండేది.

కాలువ అన్నానని లోతుగా తవ్వి ఉంటుందనుకునేరు. అది పళ్లెంలాంటిది. ఎనిమిది గజాల వెడల్పు, మధ్యలో మూరెడు లోతు, అంతే. సగం మా భూమి, సగం వాళ్లది. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా గరికే. ఎంత పెద్ద వాన కురిసినా నీళ్లు ఆ గరిక మీద పల్చగా పరుచుకుని, తొందర లేకుండా నడిచి వెళ్లేవి. పైనుంచి బురదగా దిగిన నీళ్లు వాగు చేరేసరికి కాస్త తేరుకునేవి. మట్టి గరిక మొదళ్ల దగ్గరే ఆగిపోయేది.

జానీబీ అత్త అన్నానని చుట్టరికం అనుకోకండి. వాళ్లు సాయిబులు, మేం కాదు. కానీ ఆవిడ భర్త బుడేని మా అమ్మ హనుమాయమ్మ తమ్ముడూ అని పిలిచేది, ఆయన అక్కా అనేవాడు. ఆ వరసన ఆయన నాకు మామ, ఆవిడ అత్త. వాళ్లబ్బాయి ఖలీల్ నాకంటే పన్నెండేళ్లు చిన్న, మాటలు వచ్చినప్పటి నుంచీ నన్ను బావా అనేవాడు. ఈ వరసలు ఎవరూ రాసిపెట్టలేదు, ఎవరూ తప్పలేదు కూడా.

కాలువ పెట్టించింది మా అమ్మే. నాకప్పుడు తొమ్మిదేళ్లు. అంతకుముందు అక్కడ మామూలు మురుగు కాలువ ఉండేది. మా నాన్న ఏటా దాన్ని ఇంకా లోతుగా తవ్వించేవాడు. లోతయ్యేకొద్దీ నీళ్లు ఇంకా జోరుగా పోయి రెండు పక్కలా గట్లు కోసేసేవి. గట్టు ఎవరి వైపు పడితే వాళ్లు రెండో వాళ్ల మీద అరిచేవారు. ఒక ఏడు వానలు వెనకబట్టాక అమ్మ ఒక సంగతి గమనించింది. కలుపు తీసే ఆడవాళ్లు పీకిన గరికంతా కాలువ మలుపులో పడేసేవాళ్లు, అది అక్కడే నాటుకుంది. అంత వానలోనూ ఆ మలుపు దగ్గర మాత్రం గట్టు చెక్కు చెదరలేదు. కాలువ పూడ్చి, వెడల్పు చేసి, మొత్తం గరిక నాటుదాం అంది.

మా నాన్న పడీ పడీ నవ్వాడు. రెక్కలు ముక్కలు చేసుకుని పీకే గరికని మళ్లీ మనమే నాటుకోవడమేంటే అన్నాడు. మా పొలం వైపు సగం ఇవ్వడానికి ఆయన్ని ఒప్పించడానికి అమ్మకి నెల పట్టింది. బుడే మామకి మాత్రం ఒక్క పూటే పట్టింది. అక్క చెప్పింది కదా, నా సగం తీసుకోండి అన్నాడు. నాకు తెలిసిన కథ ఇంతే. చాలా ఏళ్లు ఇంతేననుకున్నాను.

ఆ కాలువకి రెండు కట్టుబాట్లు ఉండేవి. మొదటిది, దుక్కి దున్నేటప్పుడు గరిక అంచుకి రాగానే నాగలి ఎత్తాలి. ఎద్దులు గరిక మీదే తిరగొచ్చు, కర్రు మాత్రం నేలకి తగలకూడదు. బుడే మామ అయితే నాలుగడుగులు ముందే ఎత్తేసేవాడు. మా నాన్న సరిగ్గా అంచు దాకా వచ్చి ఎత్తేవాడు. మనిషి మనిషికీ తేడా ఉంటుంది కదా.

రెండోది, ఏటా తొలకరి పడిన మర్నాడు పొద్దున్నే రెండిళ్ల వాళ్లూ కాలువ పైనుంచి కింద దాకా చెప్పుల్లేకుండా నడవాలి. ఎండాకాలంలో నల్లరేగడి నెర్రెలు విచ్చుతుంది. ఎలకలు బొరియలు చేస్తాయి. పైన గరిక కప్పేసి ఉంటే అవేవీ కంటికి కనపడవు. అరికాలికి మాత్రం తెలుస్తుంది. మా అంచున అమ్మ, వాళ్ల అంచున బుడే మామ, నడుమ గంపతో జానీబీ అత్త. గంపలో మట్టితో సహా తీసిన గరిక గడ్డలు. ఎవరి కాలికింద నేల మెత్తగా దిగితే వాళ్లు ఆగి, ఇక్కడ, అనేవారు. అత్త గంప దించేది. అక్కడ ఒక గడ్డ పెట్టి మడమతో గట్టిగా తొక్కేవారు. మళ్లీ నడిచేవారు.

బుడే మామ వేసవిలో దూది ఏకేవాడు, పరుపులు కుట్టేవాడు. నా కాళ్లు దూదిలో తిరిగిన కాళ్లక్కా, మెత్తన ఎక్కడుందో వాటికి చెప్పక్కర్లేదు అనేవాడు. నిజంగానే ఎక్కువ గుంటలు ఆయనకే దొరికేవి. అమ్మ ఉడుక్కునేది. కింద వాగు ఒడ్డు చేరాక అందరం బురద కాళ్లతోనే కూర్చుని అత్త తెచ్చిన బొరుగులు తిని, అమ్మ తెచ్చిన మజ్జిగ తాగేవాళ్లం. ఇప్పటికీ తొలి వాన వాసన వస్తే నాకు ముందు అరికాళ్లలో తెలుస్తుంది. తడి గరిక చల్లదనం, కింద ఇంకా వేడి తగ్గని నేల. అలాంటి పొద్దు ఇంకొక్కటి ఇస్తానంటే నాకున్న నాలుగెకరాల్లో ఒకటి ఇచ్చేస్తాను.

నాన్న పోయాడు. బుడే మామ పోయి పదేళ్లయింది. ఆ తర్వాత ముసలాళ్లిద్దరే, అమ్మా అత్తా, ఏటా నడిచేవాళ్లు. నేను డొంకలో బండి మీదే కూర్చుని, ఇంకా ఎంతసేపమ్మా అని హారన్ కొట్టేవాణ్ని. అది తలుచుకుంటే ఇప్పుడు నన్ను నేనే చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది. అమ్మ మూడేళ్ల కిందట పోయింది. ఆ ఏడు ఎవరూ నడవలేదు. అత్త కబురు పెట్టింది కానీ నాకు వేరే పనుందన్నాను.

ఆ మరుసటి ఏడు నేను చేసిన ఘనకార్యం చెప్తాను. గరిక అంటే మిరప రైతుకి ఎంత మంటో ఈ ప్రాంతం వాళ్లకి చెప్పక్కర్లేదు. పీకిన చోట పది మొలకలొస్తాయి. కాలువలోంచి పాకి నా మిరపలో రెండు సాళ్ల దాకా వచ్చింది. కూలీలు, ఈ గరిక మా వల్ల కాదు బాబూ అనడం మొదలుపెట్టారు. చుట్టూ పొలాలన్నీ అద్దంలా ఉంటే మాది మాత్రం గడ్డి పట్టినట్టు కనపడుతోందని నాకు నామోషీ. దున్నితే ఇంకో నాలుగు సాళ్లు మిరప పడుతుందన్న ఆశ ఒకటి. జులైలో ఒక పొద్దున గడ్డిమందు తెచ్చి, వీపుకి పంపు తగిలించుకుని, కాలువ మొత్తం కొట్టేశాను.

మొత్తం అన్నాను కదా. అందులో సగం నాది కాదు. ఆ మాట ఆ రోజు నాకు తట్టలేదంటే నమ్ముతారో లేదో. అమ్మ పెట్టించింది కాబట్టి అంతా మాదే అన్నట్టు ఉండేది నాకు. వారం తిరిగేసరికి గరిక ఎండుగడ్డి రంగుకొచ్చింది. నా సగంలో రొటవేటరు తిప్పించి మిరప నాటాను. జానీబీ అత్త తన గట్టు మీద నిలబడి చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. చూశావా, ఆవిడకీ నచ్చింది అన్నాను బిందుమాధవితో. నీ మొహం అంది తను.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం రెండు గంటలు వాన పడింది. మామూలు వానే, అంతకంటే పెద్దవి ఆ గరిక ఎన్నో చూసింది. సాయంత్రం వెళ్లి చూస్తే కాలువ ఉన్న చోట నిలువెత్తు గండి. నా నాలుగు సాళ్లూ మొక్కలతో సహా వాగులోకి పోయాయి. అది నా ఖర్మ అనుకోవచ్చు. కానీ నీళ్లు మలుపు దగ్గర పడమరకి కొట్టి, అత్త వాళ్ల వైపు గట్టుని విరుచుకుంటూ పోయాయి. కాయ పట్టిన పత్తి మూడు సాళ్లు బారున గండిలో పడి ఉంది. బుడే మామ నాగలి విప్పి కూర్చునే తుమ్మచెట్టు వేళ్లు పైకి తేలి పక్కకి ఒరిగింది.

నేను ఇసక బస్తాలు వేయించాను. తర్వాతి వానకి నీళ్లు బస్తాల పక్కనుంచి దారి చేసుకుని అత్త పొలంలో ఇంకో సాలు తీసుకుపోయాయి. అప్పుడు ఖలీల్ మా ఇంటికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. బిందుమాధవి మంచినీళ్లు ఇస్తే తాగాడు, నా చేతిలోంచి అయితే తాగేవాడు కాదేమో.

"వచ్చే వానాకాలం దాకా చూస్తానండి. మా గట్టు ఇంకొక్క సాలు పడిందా, జేసీబీ పెట్టి మా అంచు పొడుగునా కట్ట పోయిస్తాను. ఇక నీళ్లు ఎటు పోతాయో మీకే తెలుసు, శివరామకృష్ణ గారూ."

ఆ కట్ట పడితే నీళ్లన్నీ నా పొలం మీదకే. అది నాకు అర్థమైంది, కానీ ఆ పూట నాకు తగిలింది అది కాదు. నలభై ఏళ్లు బావా అన్నవాడు నన్ను పూర్తి పేరుతో గారు పెట్టి పిలిచాడు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు. వాడు వెళ్లాక నాకు అరికాలి మంట నెత్తికెక్కి ఖలీల్‌ని నాలుగు మాటలన్నాను. బిందుమాధవి గ్లాసు తీస్తూ, ఆ మాటలు ఎవరికి తగులుతాయో వాళ్లకే చెప్పుకో అంది.

ఉగాది దాటాక ఒక రోజు ధైర్యం చేసి జానీబీ అత్త దగ్గరికి వెళ్లాను. వాకిట్లో మిరపకాయల్లో తాలు ఏరుతూ కూర్చుంది. డెబ్బై ఎనిమిదేళ్లు. నేను పక్కన కూర్చుని నేనూ నాలుగు కాయలు ఏరి, తప్పయిపోయిందత్తా అన్నాను. ఆవిడ తలెత్తలేదు. నాకు చెప్పి ఏం లాభం, ఆ గరిక మీ అమ్మదీ మీ మామదీ, వాళ్లిద్దరూ లేరు అంది. మళ్లీ నాటుతానన్నాను. ఎలా నాటుతావని అడిగింది. పూడ్చి, వెడల్పు చేసి, వాలుకి అడ్డంగా వరసలు పెట్టి నాటుతాను, అమ్మ చేసినట్టే అన్నాను.

"మొదటి ఏడు నీళ్లు ఎటు పోయాయో తెలుసా నీకు?" అంది.

కాలువలోంచే అన్నాను.

"అప్పుడే నాటిన గరిక మీదకి అంత నీరు వదిలితే ఆగుతుందా శివా? పైనుంచి వచ్చిన ప్రతి చుక్కా మీ మామ మా పత్తిలోకి తిప్పుకున్నాడు. గరిక వేరు పట్టే దాకా, ఆ ఏడంతా. ఆ ఏడు మాకు పత్తి లేదు."

ఇన్నేళ్లలో అమ్మ ఒక్కసారీ చెప్పలేదే అన్నాను. మీ అమ్మ ఊరంతా చెప్తానంటే ఆయనే వద్దన్నాడు, చేసింది చెప్పుకుంటే పొలానికి దిష్టి తగులుతుందనేవాడు, అంది అత్త. ఇంకో తాలు కాయ ఏరి పక్కన పడేసి, ఆ ఏడు మీ ఇంట్లో వండిన కూర సగం మా ఇంటికే వచ్చేది, తెచ్చింది నువ్వే కదా, మర్చిపోయావా అంది.

మర్చిపోలేదు. తొమ్మిదేళ్ల వయసులో రోజూ మధ్యాహ్నం ఎండలో మూత పెట్టిన గిన్నె పట్టుకుని వాళ్లింటికి వెళ్లడం నాకు బాగా గుర్తుంది. ఎప్పుడూ నన్నే పంపుతావని అమ్మ మీద రోజూ ఎగిరేవాణ్ని. దారిలో మూత తీసి వంకాయ ముక్క ఒకటి నోట్లో వేసుకునేవాణ్ని కూడా. ఎందుకు పంపుతోందో ఒక్కనాడూ అడగలేదు. అత్త ముందు ఏడవడం ఇష్టం లేక, కాయల ఘాటుకి కళ్లు మండుతున్నాయని చెప్పి లేచి వచ్చేశాను. ఆవిడ నవ్వలేదు కానీ, నమ్మినట్టూ లేదు.

మేలో గండి పూడ్పించాను. ట్రాక్టరుతో పళ్లెంలా చదును చేయించాను. తుమ్మచెట్టు మొదట్లో మట్టి పోసి నిలబెట్టాం, బతికింది. ఇక గరిక కావాలి. జీవితమంతా తిట్టిన గరిక కోసం ఊరంతా తిరగాల్సొచ్చింది. గట్లన్నీ మందు కొట్టినవే, ఎక్కడా పచ్చటి పోగు లేదు. చివరికి కలుపు తీసే ఆడవాళ్లనే పట్టుకుని, పీకిన గరిక పారేయకుండా బస్తాల్లో పెట్టి నాకివ్వండి అని బతిమాలాను. వాళ్లు చెంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. వినాయక చవితికి ఇంకా మూడు నెలలుంది కదయ్యా, ఇప్పటినుంచే పూజ చేస్తావా అంది ఒకావిడ. నాకు కోపం వచ్చింది కానీ మింగేశాను. ఇరవై ఆరు బస్తాలు వచ్చాయి.

జూన్ చివర నాటాను. మడమతో ఒక్కొక్క గడ్డ తొక్కాను. కాలువ తల దగ్గర, నీళ్లు పైనుంచి దిగే చోట, అడ్డంగా మట్టి కట్ట వేశాను. చిన్న చిన్న జల్లులకి ఆ కట్ట చాలు. పెద్ద వాన వస్తే ఎటో అటు తిప్పాలి. అటు ఖలీల్ పొలం, ఇటు నాది. కాలువని ఆనుకున్న మా రెండెకరాలు ఈ ఏడు బీడు పెడదామని బిందుమాధవి చెప్పింది. నేను వినలేదు. పెద్ద వానలు అక్టోబరులో కదా, ఆలోపు గరిక వేరు పట్టేస్తుంది అని ఆగస్టు చివర మిరప నాటేశాను. పొలం ఖాళీగా పెట్టడం నాకు చేతకాదు. మా నాన్న పోలిక.

సెప్టెంబరు రెండో వారంలోనే వచ్చింది వాన. పొద్దున పదింటికి మొదలై మధ్యాహ్నమైనా తెరిపివ్వలేదు. పార పట్టుకుని పరిగెత్తాను. కట్ట వెనకాల మెరక నీళ్లన్నీ చెరువులా నిలబడ్డాయి. ఇంకో జానెడు పెరిగితే కట్ట తెగుతుంది, తెగితే గరిక మొత్తం వాగులో ఉంటుంది. ఆ తర్వాత గండి, గండి తర్వాత అత్త పొలం, ఆ తర్వాత జేసీబీ. అవతలి అంచు మీద ఖలీల్ పార పట్టుకుని తన గట్టుకి కాపలాగా నిలబడి ఉన్నాడు. వాడి పక్కన యూరియా బస్తా నెత్తిన కప్పుకుని జానీబీ అత్త. ఇద్దరూ నన్నే చూస్తున్నారు.

నేను నా మిరప వైపు చూశాను. నాటి పన్నెండు రోజులు. నారు అప్పుడే నిలదొక్కుకుని కొత్త ఆకు వేసింది. నల్లరేగడిలో రెండు రోజులు నీళ్లు నిలిస్తే మిరప బతకదు, ఆ సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. పోనీ, కట్ట ఆగుతుందేమో, ఇంకో పావుగంట చూద్దామా అనిపించింది. అబద్ధం చెప్పను, చూశాను కూడా. అప్పుడు బుడే మామ గుర్తొచ్చాడు. ఇదే చోట, కాకపోతే అవతలి ఒడ్డున, తన పత్తి వైపు చూస్తూ నిలబడి ఉంటాడు. ఆయన ఎంతసేపు చూశాడో నాకు తెలియదు. నాలుగడుగులు ముందే నాగలి ఎత్తే మనిషి, ఎక్కువసేపు చూసి ఉండడు.

నా గట్టు మీద పార వేశాను. నాలుగు పోట్లకి నీళ్లు దారి చేసుకుని నా మిరపలోకి దూకాయి. అవతలి నుంచి అత్త గొంతు వినపడింది.

"ఇరుకైతే కోసేస్తుందిరా. ఇంకా వెడల్పు తియ్యి."

వెడల్పు తీశాను. నీళ్లు పల్చబడి సాళ్లన్నీ కప్పుకుంటూ పోయాయి. కాసేపటికి తలెత్తి చూస్తే ఖలీల్ కూడా దిగి వచ్చి, తన వైపు నుంచి అడ్డకట్ట మీద మట్టి వేస్తున్నాడు. వాన తగ్గేసరికి నాలుగయింది. కట్ట నిలిచింది. కింద గరిక నిలిచింది.

మిరప నిలవలేదు. వారానికి రెండెకరాలూ తలలు వాల్చేశాయి. బిందుమాధవి వచ్చి గట్టు మీద కూర్చుని చాలాసేపు చూసింది. నాటేటప్పుడే చెప్పాను అంటుందని కాచుకుని కూర్చున్నాను. అంది కూడా. కానీ లేచేటప్పుడు, పోనీలే, నవంబరులో శనగ వేద్దాం అని నా భుజం మీద చెయ్యి వేసింది. ముప్పై ఏళ్ల కాపురంలో తను పొలంలో నా భుజం మీద చెయ్యి వేయడం అదే మొదటిసారి. మిగతా వానలు కూడా నా పొలంలోంచే పోయాయి. శనగ బాగానే పండింది. ఫిబ్రవరికల్లా గరిక అంచు నుంచి అంచుకి కలుసుకుంది.

ఈ జూన్‌లో తొలకరి పడింది. మర్నాడు పొద్దున్నే గంపలో గరిక గడ్డలు సర్దుకుని ఒక్కణ్నే బయల్దేరాను. ఎవరికీ కబురు పెట్టలేదు. పెట్టడానికి మొహం చెల్లలేదు. అమ్మ పిలిస్తే హారన్ కొట్టినవాణ్ని, అత్త పిలిస్తే పనుందన్నవాణ్ని, ఏమని పిలుస్తాను. కాలువ తల దగ్గర అడ్డకట్ట తీసేసి, చెప్పులు విప్పి, మా అంచున నిలబడ్డాను. అడుగు వేయబోతుంటే డొంకలో బండి ఆగిన చప్పుడయింది.

ఖలీల్ వెనక సీటు మీద నుంచి జానీబీ అత్త దిగింది. ఒక చేత్తో చీర కుచ్చెళ్లు పైకి పట్టుకుని, ఇంకో చేతిలో చెప్పులు పట్టుకుని వస్తోంది. బండెక్కేటప్పుడే విప్పేసినట్టుంది. తిన్నగా వచ్చి నా చేతిలో గంప లాక్కుని కాలువ నడుమ నిలబడింది. మీ అమ్మ అయితే ఈపాటికి సగం దూరం పోయుండేది అంది. నేను నవ్వబోయాను, నవ్వు సరిగా రాలేదు.

ఖలీల్ బండి దగ్గరే ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాడు. అత్త వెనక్కి తిరిగి పిలిచింది.

"ఏం చూస్తున్నావురా అక్కడ? చెప్పులు విప్పి ఇటు రా."

వాడు వచ్చాడు. వాళ్ల నాన్న అంచున నిలబడ్డాడు. ముగ్గురం కిందకి నడిచాం. గరిక తడిసి చల్లగా ఉంది, కింద నేల ఇంకా వెచ్చగానే ఉంది. అత్త ప్రతి అడుగూ ఆగి ఆగి వేస్తోంది. తుమ్మచెట్టు దాటాక, మలుపులో, ఖలీల్ ఆగిపోయాడు. కాలు కొంచెం ఎత్తి మళ్లీ పెట్టి చూశాడు. ఇక్కడ, అన్నాడు, అవునో కాదో అన్నట్టు.

అత్త గంప దించింది. నేను అటు వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి పెట్టి చూశాను. ఎలక బొరియ. మట్టి దూర్చి, పైన గరిక గడ్డ పెట్టి, తొక్కమన్నాను. వాడు మడమ ఆనించి తొక్కాడు. అలవాటు లేని కాలు, మెల్లగా తొక్కి ఆగాడు.

"ఇంత చాలా, బావా?"

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. తల వంచుకునే ఉన్నాను కాబట్టి వాడికి కనపడి ఉండదు. అత్తకి కనపడే ఉంటుంది.

చాలదు, ఇంకా గట్టిగా తొక్కు అన్నాను.